ఖాళీ కండెలు, అరిగిన టైర్లు: మా బడి ఆటస్థలం

పోయిన సంవత్సరం వేసవి సెలవులకు ముందు మా బడి కార్యవర్గ సమావేశంలో ఒక జారుడుబల్ల గురించి గంటన్నర వాదం జరిగిందంటే చదువరులు నవ్వుతారేమో! కాని జరిగింది. షోలాపూరులో మన తెలుగువారి పిల్లలు చదివే ఆ చిన్న బడి వెనుక కొంత ఖాళీ స్థలమున్నది. అందులో ఒక వేపచెట్టు, రెండు ఊయలలు, తుప్పు పట్టి అంచులు లేచిపోయిన ఒక ఇనుప జారుడుబల్ల. దానిని తీసివేయక తప్పదని అందరమూ ఒప్పుకొన్నాము. దాని స్థానంలో ఏమి పెట్టాలన్నదే ప్రశ్న.

మా సంఘానికి ఎంతో కాలంగా సహాయం చేస్తున్న ఒక పెద్దమనిషి తమ తండ్రిగారి జ్ఞాపకార్థం క్రొత్త జారుడుబల్ల ఇస్తామన్నారు. ప్రక్కన చిన్న రాతిపలక మీద పేరు చెక్కించాలన్నారు. అందులో తప్పేముంది? మాలో చాలామంది అప్పుడే చప్పట్లు కొట్టడానికి సిద్ధమయ్యాము. ఇంతలో రెండవ తరగతి పంతులమ్మగారు లేచి, "నాలుగు మాటలు చెప్పనిస్తారా?" అన్నారు.

ఆమె చెప్పినది ఇది. ఫిబ్రవరి దాటితే మన ఊరి ఎండకు పదిగంటలకే ఆ ఇనుపరేకు కాలిపోతుంది. దాని మీద పిల్లలు కూర్చోలేరు. కూర్చోగలిగిన రోజుల్లో కూడా ఒకరు జారుతుంటే నలభైమంది వరుసలో నిలబడి తోసుకుంటారు. మూడోనాటికి విసుగెత్తి క్రిందినుంచి పైకి ఎక్కుతారు. మనం కేకలు వేస్తాము. "అంతకంటె, మొన్న గోడ మరమ్మతుకు వచ్చిన మేస్త్రీలు ఇసుక, విరిగిన ఇటుకలు, నాలుగు వెదురు బొంగులు వారం రోజులు ఇక్కడ వదిలిపోయారు చూడండి. ఆ వారమంతా ఊయల ఎక్కినవారు లేరు. పిల్లలందరూ ఆ కుప్ప మీదనే ఉన్నారు. సామాను తీసుకుపోయిన నాడు ఏడ్చినవాళ్ళు కూడా ఉన్నారు" అన్నారామె.

ఆమె అడిగినది ఒక్కటే. ఒక సంవత్సరం పాటు డబ్బు పెట్టి ఏమీ కొనవద్దు. మన ఊళ్ళో పనికిరాదని మూల పడవేసిన సామాను తెచ్చి పిల్లల ముందు పెట్టి చూద్దాము. ఒకరు "బడిని భంగారు దుకాణం చేస్తారా?" అని అడిగారు. (పాత సామాను కొనేవారిని ఇక్కడ మరాఠీలో భంగారువాలా అంటారు, మన ఇళ్ళల్లోనూ అదే మాట.) చివరకు ఇద్దరి ఆధిక్యంతో పంతులమ్మగారి మాట నెగ్గింది. రాతిపలక ఇస్తామన్న పెద్దమనిషి ఏమీ అనలేదు గాని, ఆ తర్వాత మూడు సమావేశాలకు రాలేదు. ఆ బాధ మాకు ఇప్పటికీ ఉన్నది. పాత సామానుకు పేరు చెక్కించే రాయి ఎక్కడ అతికించగలము?

సామానుకు వెతుక్కోవలసిన పని పడలేదు. ఇది మగ్గాల ఊరు గదా! దుప్పట్లకూ తువాళ్ళకూ పేరుపడిన చోటు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు వైపులనుంచి మన పెద్దలు ఇక్కడికి వచ్చినది కూడా ఈ మగ్గాల పని కోసమే. ఏ సందులోకి పోయినా ఒక కార్ఖానా, దాని గుమ్మం ప్రక్కన ఒక గోనెసంచి. ఆ సంచిలో నూలు అయిపోయిన అట్టకోనులు, ప్లాస్టిక్కు కోనులు, పగిలిన కండెలు. మూడు కార్ఖానాలు తిరిగేసరికి తొమ్మిది సంచులు నిండినవి. ఒకచోట ముక్కు విరిగిన పాత కర్రనాడెలు పదకొండు దొరికినవి. తువాళ్ళ అంచులు కత్తిరించగా మిగిలిన పొడుగు పీలికలు తూకంతో కాక ఊరకనే ఇచ్చారు. సైకిలు దుకాణంనుంచి పాత ట్యూబులు, లారీల షెడ్డునుంచి ఆరు టైర్లు, పెళ్ళిపందిళ్ళు వేసేవారి దగ్గర పొట్టివైపోయిన వెదుళ్ళు, కిరాణా అంగడి అట్టపెట్టెలు వచ్చి చేరినవి.

అన్నిటికంటె మాకు నచ్చినవి జకార్డు అట్టలు. దుప్పటి మీద నెమలో, పువ్వో నేయాలంటే పడుగు పోగుల్లో ఏవి లేవాలో, ఏవి క్రింద ఉండాలో చెప్పేవి ఆ అట్టలమీది రంధ్రాలే. ఒక పేకకు ఒక అట్ట. రంధ్రమున్న చోట కొక్కెం లేస్తుంది, లేనిచోట ఊరుకుంటుంది. ఇటువంటి అట్టలు వందలూ వేలూ దారంతో గొలుసుగా కుట్టి మగ్గం పైన తిరుగుతుంటాయి. ఫ్రాన్సులో లియాన్ పట్టణపువాడు జోసెఫ్ మేరీ జకార్డు 1804 ప్రాంతాల్లో దీనిని తయారుచేశాడు. గణకయంత్రాలకు రంధ్రాల అట్టలతో పని చెప్పే ఆలోచన కూడా దీనినుంచే వచ్చింది. ఇప్పుడు చాలా చోట్ల ఎలక్ట్రానిక్ జకార్డులు రావడంతో పాత అట్టల గొలుసులు అటకలమీద దుమ్ము పట్టి ఉన్నవి. ఒక కార్ఖానా యజమాని మూడు గొలుసులు ఇస్తూ, "ఇది మా నాయిన గీయించిన గులాబి డిజైను సారూ, పిల్లలు చింపినా ఏం కాదు గని కాల్చకుండ్రి" అన్నారు.

జూన్ నెలలో బడి తెరవగానే సామానంతా వేపచెట్టు క్రింద పెట్టాము. ఇక చూసుకోండి! మొదటి వారం చెప్పుకోదగినది కాదు. పెద్ద మొగపిల్లలు టైర్లన్నీ పట్టుకుపోయి గోడ ప్రక్కన కోట కట్టి ఎవరినీ రానివ్వలేదు. కోనులు బాణాలయినవి. ఇద్దరు కొట్టుకున్నారు. చిన్న తరగతుల ఆడపిల్లలు గుడ్డపీలికలు పట్టుకుని అరుగుమీద కూర్చున్నారు. మాలో కొందరు "మేము ముందే చెప్పలేదా?" అన్నట్టు చూసుకొన్నారు. పంతులమ్మగారు రెండే మార్పులు చేశారు. టైర్లు రోజుకొక తరగతి చేతికి మొదట వెళ్ళేటట్టు వంతు పెట్టారు. తాము కుర్చీ వేసుకుని కూర్చోవడం మాని, చెట్టుకు ఆనుకుని నిలబడి చూడసాగారు. "ఇది ఇట్లా కట్టు" అని చెప్పకూడదని తక్కిన ఉపాధ్యాయులకు కూడా నచ్చజెప్పారు. ఇది చెప్పినంత సులభం కాదు. పిల్లవాడు ముడి తప్పుగా వేస్తుంటే చూస్తూ ఊరుకోవడం పంతులుకు ఎంత కష్టమో పంతుళ్ళకే తెలుసు.

మూడవ వారానికి ఆట మారింది. వెదుళ్ళు రెండు చెట్టుకు కట్టి, వాటిమీదుగా ట్యూబులు పడుగులాగా లాగి, గుడ్డపీలికలతో ఒక పెద్ద మగ్గం తయారయింది. నలుగురు ఇటు, నలుగురు అటు. విరిగిన నాడె మధ్యలో పోతున్నది. ఒకడు దూరంగా నిలబడి మాటిమాటికీ "లైటు పోయింది!" అని అరుస్తాడు. అప్పుడు మగ్గం ఆగాలి. అందరూ కూర్చుని ఉత్తచేతులతో చాయ్ త్రాగాలి. "లైటు వచ్చింది!" అనగానే లేచి నేయాలి. ఆ ఆట పది రోజులు సాగింది. నాడెను మరాఠీ పిల్లలు ధోటా అంటారు, మనవాళ్ళలో కూడా సగంమంది అదే అంటున్నారు. ఇంట్లో ముసలమ్మలు వాడే నాడె అనే మాట ఈ ఆటలో ఎట్లాగో మళ్ళీ బడి ఆవరణలోకి వచ్చింది. మేము నేర్పలేదు.

జకార్డు అట్టలు ఒకనాడు రైలుబండి, ఒకనాడు పాము, ఒకనాడు సినిమా టిక్కెట్లు. ఎండలో నేలమీద ఎత్తి పట్టుకుంటే రంధ్రాలనుంచి వెలుగుచుక్కలు పడతాయని ఒక పిల్ల కనిపెట్టింది. ఆ చుక్కలు పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట పడుతున్నాయని బొగ్గుతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. దీనిని పాఠంగా మార్చాలని మా సైన్సు మాస్టారికి చేయి దురద పెట్టింది. ఎట్లాగో ఆపాము.

ఇదంతా ఏదో మా ఊరి క్రొత్త వెర్రి అనుకోకండి. డెన్మార్కు దేశంలో సి. టి. సోరెన్‌సెన్ అనే ఉద్యానశిల్పి ఉండేవాడు. తాను శ్రద్ధగా కట్టిన ఆటస్థలాలకంటె పాత సామాను కుప్పలలోనూ, ఇళ్ళు కట్టే చోట్లనూ పిల్లలు ఎక్కువ ఉత్సాహంగా ఆడుకోవడం ఆయన గమనించాడు. 1931లోనే ఆ సంగతి వ్రాశాడు. రెండవ ప్రపంచయుద్ధం జరుగుతుండగా, ఆ దేశం జర్మనుల ఆక్రమణలో ఉన్న 1943లో, కోపెన్‌హేగెన్ శివారు ఎమ్‌డ్రుప్‌లో మొదటి పాత సామాను ఆటస్థలం తెరిచారు. చెక్కలు, ఇటుకలు, త్రాళ్ళు, సుత్తులు - ఇవే అక్కడి ఆటవస్తువులు. దానిని చూసుకోవడానికి నియమించిన జాన్ బెర్టెల్‌సెన్ అంతకుముందు ఓడలలో పనిచేసినవాడు, పసిపిల్లల బడి శిక్షణ పొందినవాడు.

యుద్ధం ముగిసిన తర్వాత 1946లో ఇంగ్లండునుంచి వచ్చిన లేడీ అలెన్ ఆ స్థలం చూసి, లండనులో బాంబులు పడి పాడుపడిన స్థలాలను ఇట్లా ఎందుకు వాడుకోకూడదని పత్రికలో వ్రాశారు. కొద్ది కాలానికే అక్కడా అటువంటివి వెలిశాయి. వాటిని మొదట "పాత సామాను ఆటస్థలాలు" అనేవారు. పెద్దలకు ఆ పేరు రుచించక తర్వాత "సాహస ఆటస్థలాలు" అన్నారు. చూశారా, పేరు గొడవ అక్కడ కూడా ఉన్నది! జపానులో టోక్యో నగరపు సెతగాయ ప్రాంతంలో 1979లో మొదలైన హనేగి ఆటస్థలం ఈ వంశంలోనిదే.

ఇది ఎందుకు పనిచేస్తుందన్నదానిని సైమన్ నికల్సన్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1971లో ఒక వ్యాసంలో చర్చించాడు. ఒక చోట మనిషి కదిలించి, మార్చి, కలపడానికి వీలైన వస్తువులు ఎన్ని రకాలుగా, ఎంత విస్తారంగా ఉంటే, అక్కడ క్రొత్తది కనిపెట్టే అవకాశం అంత ఎక్కువ - ఇది ఆయన వాదం. జారుడుబల్ల ఒక్కటే మాట మాట్లాడుతుంది: జారు. ఖాళీ కండె ఏ మాటైనా మాట్లాడుతుంది.

ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయంవారు 12 ప్రాథమిక పాఠశాలలను ఎన్నుకుని, కొన్నింటిలో 13 వారాలపాటు టైర్లు, డబ్బాలు, గుడ్డలు వంటివి ఆటస్థలంలో ఉంచి, తక్కినవాటితో పోల్చి 2013లో ఫలితాలు ప్రకటించారు. సామాను ఉన్నచోట విరామ సమయంలో పిల్లలు కూర్చుండిపోవడం తగ్గి, చురుకుగా కదలడం పెరిగింది. పెరిగినది ఒక్క విరామానికి రెండు నిమిషాల లోపే. అందువల్ల దీనిని మంత్రమని చెప్పబోము. కాని ఖర్చు లేకుండా ప్రతి రోజూ రెండు నిమిషాలు వస్తుంటే వద్దనేదెవరు?

మన దేశంలో కూడా పనికిరాని వస్తువుకు బడిలో గౌరవం తెచ్చినవారు లేకపోలేదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అరవింద్ గుప్తాగారు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో రేఖాగణితం బొమ్మలు చేయించి దేశమంతటా వేలాది పిల్లలకు విజ్ఞానం రుచి చూపించారు. మన ప్రక్కనే పూనాలో చాలాకాలం పిల్లల విజ్ఞానకేంద్రం నడిపారు. 2018లో వారికి పద్మశ్రీ వచ్చింది. బెంగుళూరులో పూజా రాయ్‌గారు మొదలుపెట్టిన యాంట్‌హిల్ క్రియేషన్స్ వారు పాత టైర్లతో బడులకు ఆటస్థలాలు కట్టి ఇస్తున్నారు.

ఇక మా తప్పు కూడా చెప్పవలసి ఉన్నది. ఆగస్టులో ఒక మూడవ తరగతి పిల్లవానికి చెక్కలో ఉండిపోయిన మేకు మడమలో దిగింది. ఆ చెక్కలు అంతకు ముందు రోజే వచ్చాయి. వాటిని ఎవరమూ తిప్పి చూడలేదు. ఆసుపత్రికి తీసుకుపోయి గాయం కడిగించి ధనుర్వాతపు సూది వేయించాము. తండ్రి సాయంత్రం బడికి వచ్చారు. కోపపడలేదు; అదే మాకు ఎక్కువ కష్టమయింది. "చెట్టెక్కి పడితే నేనేమనను సారూ. గని మొల ఉన్నదని మీకు తెల్వాలె గద?" అన్నారు.

ఆయన మాటలోనే అసలు సూత్రం ఉన్నది. పిల్లవాడు తన కళ్ళతో చూసి, ఎంత ఎత్తు ఎక్కవచ్చునో తానే లెక్క వేసుకునే అపాయం వేరు. వానికి కనబడని అపాయం వేరు. మొదటిది ఆటలో భాగం. రెండవది పెద్దల బాధ్యత. ఆ రోజునుంచి వచ్చిన సామాను తిన్నగా చెట్టు క్రిందికి పోదు. శనివారం మధ్యాహ్నం మాలో ఇద్దరు, ఒక వడ్రంగి కూర్చుని ఒక్కొక్కటీ తడిమి చూసి, మేకులు పీకి, అంచులు గీసి, తర్వాత లోపలికి పంపుతాము.

మేము తిప్పి పంపే వస్తువులు కొన్ని ఉన్నవి. రంగుల కార్ఖానాల నీలి డ్రమ్ములు ఎంత కడిగినా సరే వద్దు; పురుగుమందుల డబ్బాలు అసలే వద్దు. ఎన్నో ఏళ్ళనాటి రంగు పొరలు లేస్తున్న తలుపులు, కిటికీలు వద్దు. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరునుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు పూసిన రంగులో ఏమున్నదో ఎవరు చెప్పగలరు? విరిగిన ఆస్‌బెస్టాస్ రేకులు గేటు దాటి రాకూడదు. సరుకుల క్రింద వేసే చెక్కపీటలమీద ముద్ర చూడాలి: హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, తీసుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడు విషవాయువు పట్టించినవి. వాటిని తీసుకోము.

టైర్ల సంగతి వేరుగా చెప్పాలి. లోపలి ఉక్కుతీగ పైకి తేలినది పనికిరాదు. మంచిదానికి కూడా అడుగున నాలుగైదు పెద్ద రంధ్రాలు పొడిపించాలి. లేకుంటే వాననీరు నిలిచి డెంగ్యూ దోమలు గుడ్లు పెడతాయి. మొదటి వర్షాలకు మా టైర్లలో నీళ్ళలో పురుగులు కదలడం మేమే చూశాము. ఎండాకాలంలో నల్ల టైరు ఇనుపరేకు లాగానే కాలుతుంది. అందుచేత వాటిని నీడలోకి మార్చాము.

పాత సామాను గురించి వచ్చిన మాటలన్నిటిలో మమ్ములను ఎక్కువ ఆలోచింపజేసినది గాయం గురించినది కాదు. రెండవ తరగతి పిల్ల తల్లి ఒకామె, బీడీలు చుట్టే పనిచేసేది, దసరా ముందు వచ్చి నిలదీసింది. "సారూ, ఇంట్ల మా అత్త కండెలు చుడుతది. నేను బీడీలు చుడుత. పిల్ల పుట్టినకాడికెంచి గీ కోనుల్లనే పెరిగింది. బడికి పంపింది ఇండ్లకెంచి బయట పడాలెనని. ఇక్కడ గూడ గవే కోనులా? పైసలున్నోళ్ళ బడులల్ల పిల్లలకు ఇట్ల చెత్త ఇస్తరా?"

మా దగ్గర జవాబు లేదు. డెన్మార్కు కథ ఆమెకు చెప్పి ఏమి ప్రయోజనం? ఆమె అడిగినది ఆటను గురించి కాదు, పరువును గురించి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికి ఆటస్థలం ఉండాలి, ప్రతి తరగతికి ఆటవస్తువులు ఇవ్వాలి. పేదపిల్లల బడి గనుక పాత సామానుతో సరిపెట్టారని ఒక తల్లికి అనిపిస్తే, ఆ అనుమానం అన్యాయమైనది కాదు. పంతులమ్మగారు మాత్రం, "అవ్వా, ఆట బెల్లు కొట్టేదాకా కూసోండ్రి" అన్నారు.

బెల్లు కొట్టారు. ఆనాడు ఆటస్థలంలో బీడీల కార్ఖానా నడుస్తున్నది. జకార్డు అట్టల ముక్కలను నలుగురు పిల్లలు చుట్టి కట్టలు కడుతున్నారు. ఆమె కూతురు ఒక టైరు మీద ఠీవిగా కూర్చుని, తెచ్చిన కట్టలు చేతిలో తిప్పి చూసి, "ఇది కచ్చా, ఇది కచ్చా, తీసెయ్" అని ప్రక్కకు విసరుతున్నది. బీడీలు లెక్క చూసుకునే మనిషి ఎట్లా మాట్లాడతాడో అచ్చంగా అట్లాగే. ఒక చిన్నపిల్ల ఏడుపుముఖం పెట్టి, "దినమంత చుట్టిన సేటూ" అన్నది. టైరు మీది పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "సరే, అన్ని తీసుకుంట" అన్నది. తల్లి నోటిమీద కొంగు పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చాలాసేపు చూసింది. పోతూ మాతో, "గట్ల తీసుకునే సేటు ఒక్కడన్న ఉంటె బాగుండు" అన్నది. కండెల గురించి మళ్ళీ ఏమీ అనలేదు. ఒప్పుకున్నదని మేము అనుకోవడం లేదు.

ఆమె వచ్చి వెళ్ళిన తర్వాత మేము ఒక నిర్ణయం చేశాము. పాత సామానుతోపాటు ప్రతి సంవత్సరం కొంత డబ్బు పెట్టి మంచి సుత్తులు, చిన్న రంపాలు, గట్టి త్రాళ్ళు, రెండు బంతులు క్రొత్తవే కొనాలని. పనిముట్టు మంచిదైతే పాత చెక్కకు కూడా విలువ వస్తుందని మా వడ్రంగి మాట. ఈసారి ఆ ఖర్చుకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు మా తొందర వానాకాలం గురించి. జకార్డు అట్టలు, అట్టకోనులు ఒక్క వానకు ముద్ద అయిపోతాయి. పోయిన సంవత్సరం వాటిని వరండాలో పెడితే ఒకటవ తరగతి కూర్చోవడానికి చోటు లేకపోయింది. ఈ జూన్ నెలలో బడి తెరిచేలోగా వేపచెట్టు ప్రక్కన పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు గల చిన్న రేకుషెడ్డు వేయాలని ఉన్నది. తలుపు పిల్లల ఎత్తుకు అందేటట్టు ఉండాలి. సామాను తీసేదీ, సర్దేదీ వారే గదా! ఇనుపరేకులు, కర్రదూలాలు ఇవ్వగలిగినవారు బడికి కబురు చేయగోరుతాము. జారుడుబల్ల ఇస్తామన్న పెద్దమనిషి ఇంటికి మాలో ఇద్దరము వచ్చే ఆదివారం వెళ్ళుతున్నాము. షెడ్డు గోడకు రాతిపలక పట్టే చోటు ఉన్నదని చెప్పి చూస్తాము.